గుమ్మం పట్టని బొమ్మ

మా చెల్లి బొమ్మను బయటికి తీయడానికి నాన్న రంపం పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ రోజు గురించి చెప్పాలంటే, ముందు మా ఇంటి పని గురించి చెప్పాలి. లేకపోతే మీరు మమ్మల్ని పిచ్చివాళ్లనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు, అది మీ ఇష్టం.

మేం కొలతబొమ్మలు చేస్తాం. ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణాల్లో తలా చేతులూ లేకుండా ఒంటికాలి మీద నిలబడి ఉంటాయే, అవి. బజారులో దొరికే బొమ్మలు ఎవరివీ కావు. మేం చేసేవి ఫలానా మనిషివి. ఆ మనిషికి ఒక భుజం వాలి ఉంటే బొమ్మకీ వాలే ఉంటుంది. మాటిమాటికీ టైలరు దగ్గరికి వెళ్లే తీరిక లేనివాళ్లు మా దగ్గర బొమ్మ చేయించి టైలరుకి ఇచ్చేస్తారు. ఇక వాళ్ల బదులు అదే నిలబడుతుంది, గుండుసూదులు గుచ్చించుకుంటుంది, నోరెత్తదు.

కర్రపని నాన్నది. చట్రమూ కాలూ ఆయన చేస్తాడు. దూదిపని చెల్లిది. ఏకి, పొరలు పొరలుగా చట్రానికి చుట్టి ఒళ్లు తెస్తుంది. చిన్నప్పుడు దూది గుట్ట మీదే నిద్రపోయేది కాబట్టి ఇంట్లో దాన్ని దూదీ అనే పిలుస్తాం. నేను పైగుడ్డ కుట్టి, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. మాట్లాడటమంటే వాళ్ల గోడు వినడం. "అయ్యో, ఇది నేనేనా? వెనకాల ఇంత ఉన్నానా?" అనని మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎవరి వీపు వాళ్లకి కనబడదు కదా, మా దగ్గరికొచ్చి చూసుకుని బెంబేలెత్తిపోతారు.

ఆఖరి పని పెద్దత్తది. నాన్నకి అక్క. ఆవిడకి టేపు మీద నమ్మకం లేదు. మనిషి మొదటిసారి వచ్చినప్పుడు అత్త ఎదురుగా నిలబడి "కళ్లు మూసుకోండమ్మా" అని, తనూ మూసుకుని, గట్టిగా వాటేసుకుంటుంది. వీపు వెనక తన వేళ్లు ఎక్కడ కలిశాయో గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ పూర్తయ్యాక దాన్నీ అలాగే వాటేసుకుంటుంది. వేళ్లు అక్కడే కలిస్తే బొమ్మ సరే. లేకపోతే దూది తీయాలి, లేదా పెట్టాలి. అత్త సరే అనని బొమ్మ మా దుకాణం దాటదు. వాళ్ల కళ్లెందుకు మూయిస్తావని ఒకసారి అడిగాను.

"తెరిచి ఉంటే పొట్ట లోపలికి లాక్కుంటారే. మూసుకుంటే మర్చిపోతారు" అంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరి బొమ్మ వాళ్లు చేసుకోకూడదు. అది నాయనమ్మ పెట్టింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. ఇంటిల్లిపాదీ కలిసి తప్పింది దాన్నే.

చెల్లి తిండి తగ్గించడం ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. టీవీలో వార్తలు చదివే ఒకావిడ బొమ్మ చేయించుకుంది. అచ్చుగుద్దినట్టు వచ్చింది, అత్త సరే అంది. ఆవిడ చూసుకుని భోరుమంది, నడుం దగ్గర కాస్త తీసేయమని చెల్లి చేతులు పట్టుకుంది. జాలిపడి చెల్లి చాటుగా తీసేసింది. టైలరు ఆ బొమ్మకి సరిపడా గౌను కుట్టాడు. అది ఆవిడ నడుం దాటి పైకి రాలేదు. మమ్మల్ని దులిపేస్తుందని నేను నోరు సిద్ధం చేసుకుని కూర్చుంటే, ఆవిడ వచ్చి చాలా మర్యాదగా, "బొమ్మలో తప్పేం లేదండీ. నేనే తప్పుగా ఉన్నాను" అని వెళ్లిపోయింది. చెల్లి లోపల దూది ఏకుతూ ఆ మాట విన్నది. అదే కారణమని నేననను. ఇలాంటి వాటికి ఒక్క కారణం చెప్పేవాళ్లని నేను నమ్మను. కానీ ఆ చలికాలం నుంచే దాని కంచం కడిగిన కంచంలా ఉండటం మొదలైంది.

మొదట్లో ఆకలి లేదంది. తర్వాత తిని వచ్చానంది. ఎక్కడ తిన్నావే అంటే వీధి పేరు చెప్పేది గానీ తిన్నదేమిటో చెప్పేది కాదు. ఆ పైన గుమ్మాల దగ్గర పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి, పీతలా నడవడం మొదలుపెట్టింది. బల్ల మీద కూర్చోవడం మానేసింది, విరుగుతుందట. లిఫ్టు ఎక్కబోతూ లోపలున్నవాళ్లని "మీరు దిగిపోతారా, నన్ను తర్వాత రమ్మంటారా" అని అడిగేది. వాళ్లు దాన్నీ ఖాళీగా ఉన్న లిఫ్టునీ మార్చి మార్చి చూసేవాళ్లు. చూశావా, ఎలా చూశారో, అనేది నాతో. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగోది తెచ్చి చేతిలో పెట్టినా అది కుందేలుది కాదనే రకం.

అంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా అత్త వాళ్లింట్లో స్నానాలగదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. వాటేసుకునే మనిషి లేక, పూర్తయిన బొమ్మలన్నీ గోడవారగా బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే నాన్నకి ఆలోచన వచ్చింది, దుకాణంలో అందరికీ ఒకే రంగు కోట్లు కుట్టిద్దామని. కోట్లు కావాలంటే మా బొమ్మలూ కావాలి. నేను టేపు తీసుకుని వెళ్తే చెల్లి గోడకి అతుక్కుపోయింది.

"నన్ను ముట్టుకోకక్కా. నా బొమ్మ నేనే చేసుకుంటా."

"నాయనమ్మ ఏం చెప్పింది?"

"నాయనమ్మకి నా సంగతి తెలీదుగా."

అది ఏదైనా కావాలని అడిగి చాలా కాలమైంది. నాన్న మొహం వెలిగిపోయింది. "చేసుకోనీవే, సరదా పడుతోంది" అన్నాడు. అమ్మ కూడా తలూపింది. నేనూ టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాను.

మొదటి వారం బొమ్మ మామూలుగానే ఉంది. తర్వాత నడుం లేకుండా పోయింది. దూది బస్తా మీద బస్తా ఖాళీ అయ్యేది. చెల్లి వెనక్కి తగ్గి చూసేది, తన ఒళ్లు తడుముకునేది, నిజాయితీగా ఇంకాస్త చుట్టేది. అది అబద్ధమాడటం లేదు, నాకు ఒళ్లు మండింది అక్కడే. ఒక మధ్యాహ్నం బొమ్మ కాలు ఫెళ్లున విరిగింది.

"చూశారా, కర్ర కూడా మొయ్యలేకపోయింది" అంది చెల్లి.

నాన్న మూడు కాళ్లతో ఇంకో దిమ్మ చేసి ఇచ్చాడు. చేసి ఇస్తాడా ఎవరైనా! కానీ ఆయనకి వచ్చిన పని అదొక్కటే, కూతురికి వేరే ఏం చెయ్యాలో తెలియలేదు. వెనకగదిలో కుట్టుమిషను వరండాలోకి వెళ్లింది. బీరువా వంటింట్లోకి వెళ్లింది. బొమ్మకీ గోడకీ మధ్య అమ్మ అడ్డంగా దూరి బట్టలు ఆరేసుకునేది. కొలతలకి వచ్చినవాళ్లు తలుపులోంచి చూసి, "అది ఎవరిదండీ?" అని అడిగితే, పక్కనే నిలబడ్డ చెల్లి, నాన్న స్వెటరు ఒంటికి రెండు చుట్లు వచ్చేలా వేసుకున్న చెల్లి, "నాదేనండీ" అనేది. జనం మర్యాదస్తులు. "పోలిక తెలుస్తోంది" అన్న మహాతల్లిని నేను వీధి చివరిదాకా చూపులతోనే తరిమాను.

చివరికి అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పాపం, తిండి పెట్టడం తప్ప ఇంకో ఉపాయం ఆవిడకి తోచదు. చెల్లికి పెడితే తినడం లేదు కాబట్టి, కంచం తీసుకెళ్లి బొమ్మ ముందు పెట్టింది.

"నీకు కాదులే. దానికి" అంది. ఎంతైనా దూదీకి నవ్వొస్తుంది, నవ్వొస్తే ఒక ముద్ద తింటుంది అని ఆశ.

చెల్లి నవ్వలేదు. కంచం వంక చూసి, "దానికి వద్దమ్మా. చాలు" అంది.

"నువ్వు చెప్తే ఎలా? దాన్ని చెప్పనీ."

"తీసెయ్యమ్మా. ఇంత పెడతావా ఎవరికైనా?"

"మనిషి ఆకారం చూసి పెట్టద్దూ?"

ఇలా ఇద్దరూ తలకాయ లేని బొమ్మ తిన్నదా తినలేదా అని వాదించుకుంటుంటే నాన్న మధ్యలో దూరి, "పోనీ సగం తిననివ్వండి" అన్నాడు. మా ఇంటి తెలివితేటలు అంతవరకూ వచ్చాయి. మర్నాడు పొద్దున చూస్తే బొమ్మ పొట్ట మీద కొత్త పొర ఉంది.

"మళ్లీ ఎందుకే?" అన్నాను.

"నిన్న అమ్మ పెట్టింది కదా" అంది చెల్లి, చాలా మామూలుగా.

అమ్మ ఆ పూట వంటింట్లో బీరువా వెనక నిలబడి ఏడ్చింది. మళ్లీ బొమ్మ ముందు కంచం పెట్టలేదు.

చెల్లి జుట్టు దువ్వెనకి వస్తోంది. ఎండలో కూడా వణుకుతోంది. ఉంగరం జారి దూదిలో పడిపోయింది, ఇంతవరకూ దొరకలేదు. ఒకరోజు దూది ఏకుతూ అలాగే ముందుకి ఒరిగిపోయింది. కింద పడ్డ చప్పుడు కూడా రాలేదు. ఎత్తుకున్నప్పుడు నాకు భయం వేసింది, దాన్ని మొయ్యడం అంత తేలికగా ఉంది. డాక్టరమ్మ గుండె విని, రక్తం తీయించి, మమ్మల్ని కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది.

"ఇది మొండితనం కాదండీ, జబ్బు. ఆ అమ్మాయికి తన ఒళ్లు నిజంగానే అలా కనిపిస్తుంది. గుండె బాగా నీరసించింది. ఈ వారంలో చేర్పించండి. ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఉండదు."

చెల్లి శ్రద్ధగా తలూపుతూ విన్నది. బయటికొచ్చాక, "నిజమే అక్కా, ఒళ్లు ఎక్కువైతే గుండెకి మంచిది కాదు" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడికి కనీసం బుగ్గలు ఉబ్బడమైనా కనిపిస్తుంది. నాకు ఏడుపొచ్చింది, దాన్ని తిట్టాను, తర్వాత మళ్లీ ఏడ్చాను.

ఆసుపత్రికి రానంది. కాళ్లావేళ్లా పడితే ఒక షరతు పెట్టింది.

"అత్త వచ్చి నా బొమ్మ సరిగ్గా లేదని తేల్చితే వస్తా. సరిగ్గా ఉందంటే ఇక ఎవరూ నాతో తిండి మాటెత్తకూడదు. ఒట్టు?"

ఒట్టేశాం. అత్త కట్టు విప్పేది ఆ వారం చివర. అప్పటిదాకా మేం దాని ఊపిరి లెక్కపెట్టినట్టు బతికాం. పడుకున్నప్పుడల్లా నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

అత్త వస్తానన్న పొద్దున నాన్నకి ఓపిక నశించింది. అత్త చూసేదేమిటి, ఈ దరిద్రాన్ని ముందు బయటికి ఈడ్చేస్తానన్నాడు. వెనకగది రెండు రెక్కల తలుపు దాటించి వీధి గుమ్మం దాకా ఈడ్చాం. గుమ్మం పట్టలేదు. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. చెల్లి ఒక మూల నిలబడి, "నేను చెప్తూనే ఉన్నా కదా నాన్నా, గుమ్మం చిన్నదని" అంది. నాన్న వెళ్లి రంపం తెచ్చి ద్వారబంధానికి ఆనించాడు. అప్పుడొచ్చింది అత్త.

"ఏంట్రా, ఇల్లు కూలుస్తున్నావా?"

"బొమ్మ పట్టడం లేదక్కా."

"నేను చూడని బొమ్మ ఎలా దాటిస్తావు? రంపం దించు."

అత్త మామూలుగా పనిలోకి దిగింది. కళ్లు మూసుకుంది, నేను చెయ్యి పట్టుకుని బొమ్మ నుంచి బొమ్మకి నడిపించాను. ఇది సరే, ఇది సరే, దీనికి వీపున పిడికెడు పెట్టు, అంటూ వచ్చింది. చెల్లి బొమ్మ దగ్గరికి రాగానే చేతులు చాపి, ఇటు తడిమి, అటు తడిమి ఆగిపోయింది.

"ఈ పరుపులన్నీ ఇక్కడ పేర్చారేంటే?"

"అది నేనత్తా" అంది చెల్లి.

అత్త కళ్లు తెరిచింది. బొమ్మను చూసింది, చెల్లిని చూసింది, మా మొహాలు చూసింది. ఆవిడ కట్టులో ఉన్నన్నాళ్లూ మేం అంతా చెప్పలేదు, చెబితే లేచి వచ్చేస్తుందని. నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ పమిట దోపుకుంది.

"సరే. కొలత ఇవ్వు మరి."

"నీ ఒక్కదాని చేతులు చాలవత్తా."

"ఎంతమంది కావాలి?"

చెల్లి ఆలోచించి, "నలుగురు" అంది.

"ఏం, నలుగురం ఉన్నాంగా. రండి."

అత్త, నాన్న, అమ్మ, నేను బొమ్మ చుట్టూ నిలబడి చేతులు చాపి పట్టుకున్నాం. అమ్మ చెంప దూదిలో కూరుకుపోయింది. వేలికొసలు బొటాబొటిగా అందాయి. "గుర్తుందా అందరికీ? ఇంతే దూరం" అంది అత్త. "ఇప్పుడు నువ్వు రా. కళ్లు మూసుకో."

బొమ్మను వదిలి పక్కకి జరిగి, అలాగే చేతులు చాచి గుండ్రంగా నిలబడ్డాం. మధ్యలోకి చెల్లి వచ్చి నిలబడి కళ్లు మూసుకుంది. మా చేతులకీ దానికీ మధ్య ఇంకో నలుగురు కూర్చుని భోజనం చేయవచ్చు. ఎవరి వేలూ దానికి తగలడం లేదు.

"సరిపోయిందా?" అంది అత్త.

"సరిపోయింది. కాస్త బిగుతుగానే ఉంది" అంది చెల్లి.

అత్త నాన్నకి గడ్డంతో సైగ చేసింది. నాన్న చేతులు వదిలి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లి గోడకి ఆనుకున్నాడు. మేం ముగ్గురం దగ్గరికి జరిగి గుండ్రం కలిపాం. తర్వాత అమ్మకి సైగ చేసింది. అమ్మ వదల్లేదు. అత్త కళ్లెర్ర చేస్తే అప్పుడు వదిలింది. చివరికి నన్ను కూడా పొమ్మంది. నేను వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను.

అత్త ఒక్కతే మిగిలింది. ముందుకి వచ్చి చెల్లిని వాటేసుకుంది. మామూలుగా మనుషుల వీపు మీద ఆవిడ వేళ్లు కలుస్తాయి. లావుపాటివాళ్లయితే కలవవు. చెల్లి వీపు మీద ఆవిడ చేతులు ఒకదాన్నొకటి దాటి, చుట్టూ తిరిగి, తన మోచేతుల్నే తను పట్టుకున్నాయి. జీవితమంతా మనుషుల్ని వాటేసుకున్న మనిషి, అలాంటి కొలత ఆవిడకి ఎప్పుడూ తగిలినట్టు లేదు. మొహం పాలిపోయింది. గొంతు మాత్రం మార్చలేదు.

"ఎంతమందిమి పట్టుకున్నామే?"

"నలుగురు."

"సరిగ్గా లెక్కపెట్టి చెప్పు."

"నలుగురూ ఉన్నారత్తా. నాన్న ఇక్కడ. అక్క ఇక్కడ." ఖాళీగా ఉన్న చోట్ల చెయ్యి ఊపి చూపించింది.

"కళ్లు తెరు."

తెరిచింది. ఎదురుగా గోడవారన మేం ముగ్గురం బొమ్మల వరసలో నిలబడి ఉన్నాం. చెల్లి మమ్మల్ని చూసింది. తల తిప్పి తన చుట్టూ ఉన్న చేతుల్ని చూసింది, రెండే చేతులు, అందులో ఒకటి పిండికట్టు విప్పి ఇంకా తెల్లగా ఉన్నది.

"మరి... మిగతాది ఏదత్తా?"

"మిగతాది లేదే. ఇంతే ఉన్నావు." అప్పటికి అత్త గొంతు వణికింది. "చాలా కొంచెం ఉన్నావే పిల్లా."

"అబద్ధం."

"నేనెప్పుడైనా కొలత అబద్ధం చెప్పానా?"

చెల్లి తల అత్త భుజం మీద వాల్చింది. చిన్నగా, "వదలకత్తా. కాళ్లు నిలబడటం లేదు" అంది. ఇన్ని నెలల్లో 'బరువుకి' అన్న మాట కలపకుండా అది ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి.

ఆ ఒక్క కౌగిలితో దాని జబ్బు నయమైపోయిందని చెబితే నా కళ్లు పోతాయి. ఆసుపత్రిలో చాలా కాలం ఉంది. చెంచాడు సూపు కోసం పూటంతా యుద్ధం చేసింది, నర్సుల్ని తిట్టింది, నన్నూ తిట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు లేచి వెనకగదిలోకి వెళ్లి బొమ్మ చుట్టూ తిరిగి వస్తుంది. కొన్ని రోజులు పిడికెడు దూది పీకి తెస్తుంది, కొన్ని రోజులు పెట్టి వస్తుంది. మేం ఏమీ అనం. బొమ్మ ఇంకా గుమ్మం పట్టదు.

కానీ ఆ రోజు సంగతి చెప్పి ఆపుతాను. వీధిలో బండి ఆగి ఉంది. అమ్మ సంచీ సర్దింది. చెల్లి గుమ్మం దాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. పక్కకి తిరిగింది, ఊపిరి బిగబట్టింది, మళ్లీ వెనక్కి తగ్గింది.

"నాన్నా, ముందు గుమ్మం కొయ్యి. నేను పట్టను."

నాన్న రంపం తీసుకున్నాడు. కూతురు అడిగితే ఇల్లంతా కోసేసేలా ఉన్నాడు. అత్త ఇంకా చెల్లిని వదల్లేదు. "నేనూ పట్టాలిగా" అని, అలా వాటేసుకునే వెనక్కి వెనక్కి అడుగులు వేసింది. చెల్లి ఆవిడ భుజంలో మొహం దాచుకుని కళ్లు మూసుకుంది. ఇద్దరూ ఒకేసారి, ఎక్కడా తగలకుండా, గుమ్మం దాటి వీధిలోకి వెళ్లారు.

వీధిలో చెల్లి కళ్లు తెరిచి వెనక్కి చూసింది. గుమ్మాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నాన్న ఎప్పుడు కోశాడక్కా?"

కోశాడని చెబితే పోయేదేముంది, ముందు బండి ఎక్కుతుంది కదా అనుకుని నేను నోరు తెరిచాను. నాన్న నాకంటే ముందే రంపం పక్కన పెట్టి, బయటికి వచ్చి, దాని చెయ్యి పట్టుకెళ్లి ద్వారబంధం మీద పెట్టాడు.

"కొయ్యలేదమ్మా. చూడు."

అది వేళ్లతో ఆ చెక్కను అటూ ఇటూ తడిమింది. గాటు కోసం వెతికింది. కింద పొట్టు కోసం చూసింది. తర్వాత గుమ్మం దగ్గరే, వీధిలో అందరూ చూస్తుండగా, ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే బండి ఎక్కి, పక్కకి జరిగి, అత్తకి చోటిచ్చింది.